ఎదిగే పిల్లలకు సైకిల్: కొలత తీసుకుని, మన దారులు చూసి ఎంచుకోవడం

"ఎదిగే పిల్లోడు కదా, ఒక సైజు పెద్దదే ఇవ్వండి." కర్నూలు, అనంతపురం, కడప, ఏ ఊరి సైకిల్ షాపులోనైనా ఎక్కువగా వినబడే మాట ఇది. యూనిఫాం వదులుగా కుట్టించినట్టే సైకిలూ కొంటారు. చొక్కా వదులైతే చేతులు మడుచుకోవచ్చు. సైకిల్ పెద్దదైతే కాలు నేలకు అందదు, బ్రేకు వేళ్లకు అందదు, ఆగాల్సిన చోట ఆగలేక పిల్ల పక్కకు పడుతుంది. నాలుగుసార్లు పడ్డాక భయం పట్టుకుని ఆ సైకిల్ జోలికి పోదు. అది మెట్ల కింద ఉండిపోతుంది. పొడవు సరిపోయే నాటికి టైర్లు పగుళ్లిచ్చి, చైను తుప్పు పట్టి ఉంటాయి. మిగిలిందనుకున్న డబ్బు రిపేరుకే పోతుంది.

నిజంగా డబ్బు మిగిలేది సీటు దగ్గర. సీటు ఎంత కిందికి దిగుతుంది, ఎంత పైకి లేస్తుంది? ఈ రెండింటి మధ్య ఎంత తేడా ఉంటే అన్నేళ్లు ఆ సైకిల్ మీ పిల్లకు పనికొస్తుంది. రంగు, గేర్లు, డిస్క్ బ్రేకులు అన్నీ దాని తరువాతే.

## ముందు కాలి కొలత

వయసును బట్టి సైకిల్ సైజు చెప్పే పట్టిక ప్రతి షాపులో ఉంటుంది. కానీ ఒకే తరగతిలో ఎనిమిదేళ్ల పిల్లలిద్దరిని పక్కపక్కన నిలబెడితే ఒకరు ఇంకొకరి భుజం దాకానే రావచ్చు. అందుకే వయసు వదిలేసి కాలు కొలవండి. పిల్లను చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబెట్టండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, దాని ఒక అంచు గోడకు పూర్తిగా ఆనేలా చూసి, సీటు మీద కూర్చున్నప్పుడు తగిలేంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టి, నేల నుంచి టేపుతో కొలవండి. పుస్తకం వంకర పోతే రెండు మూడు సెంటీమీటర్లు తప్పుతుంది కాబట్టి రెండుసార్లు తీయండి.

| చక్రం (అంగుళాలు) | లోపలి కాలు కొలత (సెం.మీ.) | సుమారు వయసు |
|---|---|---|
| 12 | 35–42 | 3–4 |
| 14 | 40–46 | 3–5 |
| 16 | 44–52 | 4–6 |
| 20 | 52–63 | 6–9 |
| 24 | 62–72 | 9–12 |
| 26 | 70 పైన | 12 పైన |

కొలత రెండు వరుసల్లోకీ వస్తే, ఇంకా నేర్చుకోని పిల్లకు చిన్నది, బాగా తొక్కే పిల్లకు పెద్దది. ఈ పట్టిక షాపులో ఏ వరుస దగ్గరికి వెళ్లాలో చెప్పడానికి మాత్రమే. ఒకే 20 అంగుళాల చక్రంతో రెండు మోడళ్ల సీటు ఎత్తులో అయిదారు సెంటీమీటర్ల తేడా ఉండొచ్చు.

## సీటు లెక్క

షాపుకు టేపు పట్టుకెళ్లండి. సీటును పూర్తిగా దించమని అడిగి నేల నుంచి సీటు పైభాగం దాకా కొలవండి. తరువాత సీటు పైపు మీద అచ్చు వేసిన హద్దు గీత కనబడబోయేంత వరకు పైకి లాగించి మళ్లీ కొలవండి. గీత దాటి లాగితే పైపు వంగుతుంది, లేదా ఫ్రేము పైపు దగ్గర చీలుతుంది. గీతే లేకపోతే కనీసం 7 సెం.మీ. పైపు ఫ్రేము లోపల ఉండాలి.

నేర్చుకునే పిల్లకు సీటు ఎత్తు లోపలి కాలు కొలతతో సమానంగా, లేదా ఒక సెంటీమీటరు తక్కువగా ఉండాలి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. తొక్కడం వచ్చిన పిల్లకు కాలి కొలత కంటే 5–7 సెం.మీ. ఎక్కువ. అప్పుడు మునివేళ్లు నేలకు అందుతాయి, తొక్కేటప్పుడు మోకాలు మరీ మడత పడదు. సీటు దించేసి తొక్కితే మోకాళ్లు ఛాతీ దాకా లేచి, పిల్ల కిలోమీటరుకే అలసిపోతుంది. "మా పిల్లకు బలం లేదు" అని పెద్దలు అనుకునే చాలా సందర్భాల్లో లోపం సీటుదే.

ఎదుగుదల లెక్క కూడా చూడండి. బడి వయసు పిల్లలు ఏడాదికి సుమారు 5–6 సెం.మీ. పెరుగుతారు, అందులో సగం కాళ్లు. అంటే లోపలి కొలత ఏడాదికి దాదాపు 3 సెం.మీ. ఇప్పుడు 56 సెం.మీ. కొలత ఉన్న పిల్లకు సీటు 60 నుంచి 72 సెం.మీ. దాకా లేచే 20 అంగుళాల సైకిల్ అనుకోండి. ఇవాళ 62 దగ్గర బిగిస్తాం. 72కి చేరేసరికి కాలి కొలత 66 అవుతుంది. అంటే మూడేళ్ల పైచిలుకు. అదే పిల్లకు సీటు 73కి తక్కువ దిగని 24 అంగుళాలది కొంటే, కాలు అందడానికే మూడేళ్ల పైన కావాలి.

పైపు పొట్టిగా ఉంటే మార్చుకోవచ్చు. మన దగ్గర మామూలు సైకిళ్లలో సీటు పైపు మందం (బయటి వ్యాసం) ఎక్కువగా 25.4 మి.మీ. ఉంటుంది. పాత పైపు తీసి షాపుకు తీసుకెళ్లి అదే మందంలో పొడవాటిది, 30–35 సెం.మీ.ది, అడగండి. రెండు మూడు వందలతో ఇంకో ఏడాది వస్తుంది. అయితే సీటు లేపినకొద్దీ హ్యాండిల్ కూడా లేవాలి. హ్యాండిల్ పూర్తిగా పక్కకు తిప్పినప్పుడు మోకాలికి తగులుతోందంటే ఇక ఆ సైకిల్ మార్చాల్సిందే.

అడ్డ కమ్మీ కూడా చూడండి. కమ్మీకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడితే కనీసం 3 సెం.మీ. ఖాళీ ఉండాలి. వంపు కమ్మీ ఉన్న సైకిల్‌కు ఈ బాధ లేదు. దాన్ని ఆడపిల్లల సైకిల్ అని పక్కన పెట్టేస్తారు గానీ, లంగా, చుడీదార్, నిక్కరు ఏది వేసుకున్నా ఎక్కి దిగడం తేలిక, అన్న తరువాత చెల్లికీ వస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో వంపు కమ్మీదే కొనమంటాం.

## బ్రేకు, బరువు, అలంకారాలు

బ్రేకు పరీక్ష ఒక్కటే: పిల్ల చూపుడు వేలు, మధ్య వేలుతో మాత్రమే లివరు నొక్కి, కదులుతున్న సైకిల్‌ను ఆపగలగాలి. లివరు దూరంగా ఉంటే దాని మొదట్లో చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని లోపలికి తిప్పితే లివరు హ్యాండిల్ దగ్గరికి వస్తుంది. ఆ స్క్రూ లేని మోడల్ చిన్న చేతులకు వద్దు. రబ్బరు బ్రేకుల్లో పొడవాటి రెండు చేతులతో రిమ్మును రెండు వైపులా నొక్కే వీ బ్రేకు, పాత కత్తెర బ్రేకు కంటే తక్కువ బలంతో పట్టేస్తుంది. తక్కువ ధర సైకిళ్లకు వచ్చే తీగ డిస్క్ బ్రేకులు వద్దనే చెబుతాం: ఒకసారి పక్కకు పడితే డిస్కు వంగి రాసుకుంటుంది, చిన్న ఊళ్లలో దాన్ని సరిచేసే చేతులు తక్కువ.

వెనక స్ప్రింగు, ముందు షాకబ్జార్బర్లు, లావు టైర్లు కలిసి రెండు మూడు కిలోలు పెంచుతాయి. 25 కిలోల పిల్ల 14 కిలోల సైకిల్‌ను మిట్ట ఎక్కించలేదు. బరువు తెలుసుకోవాలంటే సైకిల్ పట్టుకుని కాటా మీద నిలబడండి, మీ బరువు తీసేయండి. పిల్ల బరువులో సగం దాటితే ఇంకో మోడల్ చూడండి. మూడో వంతుకు దగ్గరగా ఉంటే చాలా మంచిది.

పక్క చక్రాలు పెట్టిస్తే నేలకూ వాటికీ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి. రెండూ నేలకు ఆనితే పిల్లకు బ్యాలెన్స్ ఎప్పటికీ రాదు. ఇంకా మేలైన దారి, రెండు ప్యాడిళ్లూ విప్పేసి, సీటు దించి, కాళ్లతో నెట్టుకుంటూ పోనివ్వడం. 15 మి.మీ. స్పానర్ చాలు. ఎడమ ప్యాడిల్ మర తిరగేసి ఉంటుంది, కాబట్టి స్పానర్ పైకి నిలబెట్టి, దాని కొసను సైకిల్ వెనక వైపుకు లాగితే రెండు వైపులా వదులవుతుంది. బ్యాలెన్స్ కుదిరాక మళ్లీ బిగిస్తే సరి.

## మన దారుల సంగతి: ముళ్లు, ఎండ, గాలి

సర్కారు తుమ్మ, పల్లేరు కాయలు ఉన్న నేల ఇది. ఊరి బయట మట్టిదారిలో బడికి పోయే పిల్ల సైకిల్‌కు మొదటి శత్రువు పంచర్. చిన్న సైకిళ్లకు వచ్చే గాలి లేని ఫోమ్ టైర్లు 12, 14 అంగుళాల్లో బాగానే నడుస్తాయి. 20 అంగుళాలు, ఆపైన వద్దు, గట్టిగా కుదుపుతూ బరువుగా దొర్లుతాయి. అక్కడ గాలి టైరే పెట్టి, లోపల పాత ట్యూబును చీల్చి పొరలా పరిపించండి. పల్లేరు ముల్లు చాలావరకు ఆ పొర దగ్గరే ఆగుతుంది. తుమ్మ ముల్లు పొడవు, అది దిగితే దిగినట్టే. పంచర్ వేసే ప్రతిసారీ టైరు లోపల గుడ్డతో తుడుస్తూ చుట్టూ తడిమించండి. విరిగిన ముల్లు మొన టైరులోనే ఉండిపోతే సాయంత్రానికి మళ్లీ అదే చోట పంచర్.

వాల్వు చూసి కొనండి. లోపల చిన్న రబ్బరు గొట్టం ఉండే పాత రకం వాల్వులో ఆ రబ్బరు మన ఎండలకు జిగురుగా మారి గాలి వదిలేస్తుంది. మోటార్ సైకిల్‌కు ఉండే రకం వాల్వు ఉన్న ట్యూబు అయితే పెట్రోల్ బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. కాకపోతే బంకు కంప్రెసర్ చిన్న ట్యూబును క్షణాల్లో పగలగొడుతుంది, కాబట్టి టైరు పక్కన అచ్చువేసిన పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి) అంకె చూసి చెప్పండి. పిల్లల లావు టైర్లకు మామూలుగా 30–40 మధ్య ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సైకిల్ ఎండలో నిలబెట్టకండి. టైరు పక్కలు పగలడానికి నడక కంటే ఎండే ఎక్కువ కారణం.

అనంతపురం వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఎదురుగాలిలో గేర్లు లేని సైకిల్ మొండికేస్తే కొత్తది కొనక్కర్లేదు. వెనక ఫ్రీవీల్, అంటే వెనక చక్రం మీద చైను తిరిగే పళ్ల చక్రం, 18 పళ్లది ఉంటే 20 పళ్లది వేయించండి. తొక్కడం పదో వంతు తేలికవుతుంది, చదును దారిలో వేగం ఆ మేరకు తగ్గుతుంది. చైనుకు ఒక లంకె కలపాల్సి రావచ్చు. ఈ మార్పు అడిగేవాళ్లు తక్కువ గానీ, ఖర్చుకు ఇంత ఫలితమిచ్చే పని ఇంకోటి లేదు.

## ఏది కొనాలి

ధరలు మోడల్‌ను, ఊరిని బట్టి మారతాయి. కిందివి బేరానికి ఒక అంచనా.

| ఎంపిక | సుమారు ఖర్చు (రూ.) | బలం | బలహీనత |
|---|---|---|---|
| షాపులో కొత్తది, గేర్లు లేనిది | 16కు 3,500–5,500, 20కి 4,500–7,000, 24కు 5,500–8,500 | ఎక్కించి చూడొచ్చు, రిపేరు అక్కడే | రకాలు తక్కువ |
| ఆన్‌లైన్ పెట్టెలో వచ్చేది | పైదానికి కొంచెం తక్కువ, ఫిటింగ్ అదనం | రకాలు ఎక్కువ | కొలత చూడలేం, బిగింపు మన బాధ్యత |
| సెకండ్ హ్యాండ్ | 1,000–3,000, రిపేరు వేరు | చౌక, మళ్లీ అమ్మితే నష్టం తక్కువ | చూసే కన్ను కావాలి |
| గేర్లున్న కొత్తది | 9,000–15,000 | మిట్టలు, దూరం, ఎదురుగాలి | బరువు, రిపేరు కష్టం |

షాపులో కొత్తది. హీరో, బీఎస్‌ఏ, హెర్క్యులిస్, ఏవన్ లాంటి బ్రాండ్ల మామూలు సైకిళ్లకు ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు లాంటి ఊళ్లలోనూ ట్యూబు, బ్రేకు రబ్బరు, చైను దొరుకుతాయి. ఇదే దీని అసలు విలువ. బిల్లు అడిగి తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత పన్నుతో 6,000 పడిన సైకిల్ కొత్త పన్నుతో 5,625 పడాలి. బిల్లులో ఆ శాతం చూసుకోండి.

ఆన్‌లైన్. కొనే ముందు సీటు కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులు రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వదిలేయండి. పెట్టెలో దాదాపు బిగించి పంపామంటారు గానీ, ముందు చక్రం, హ్యాండిల్, ప్యాడిళ్లు, బ్రేకు తీగ మనమే బిగించాలి. ఇళ్లలో జరిగే తప్పులు మూడు: ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కొమ్మల భాగం) వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిల్ బిగించడం, ఎడమ ప్యాడిల్‌ను కుడి వైపు బలవంతంగా తిప్పి మర చెడగొట్టడం, బ్రేకు రబ్బరు రిమ్ముకు బదులు టైరుకు తగిలేలా వదిలేయడం. చివరిది ఒక్క వారంలో టైరును కోసేస్తుంది. రెండు మూడు వందలిచ్చి దగ్గర్లోని మెకానిక్‌తో బిగించుకోవడం మేలు.

సెకండ్ హ్యాండ్. ఎక్కువ ఇళ్లకు ఇదే సరైన దారి అని మా అభిప్రాయం. పిల్లలు సైకిల్‌ను అరగదీసే లోపే పెరిగిపోతారు. వేసవి సెలవుల్లో, జూన్‌లో బళ్లు తెరవకముందు ఎక్కువగా అమ్మకానికి వస్తాయి. చూసేటప్పుడు మొదట సీటు పైపు పైకీ కిందికీ కదిలించి చూపించమనండి. తుప్పుతో ఫ్రేములో ఇరుక్కుపోయి ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు, ఎదిగే పిల్లకు అది పనికిరాదు. తరువాత హ్యాండిల్ కింద రెండు పైపులు కలిసే వెల్డింగు దగ్గర రంగు పగిలి గీతలా ఉందేమో చూడండి. అక్కడ పగులు ఉంటే వెల్డింగ్ వేయించినా నమ్మకం లేదు. చక్రం ఎత్తి తిప్పండి: బ్రేకు రబ్బర్ల మధ్య అర సెంటీమీటరు లోపు ఊగితే బెండు తీయొచ్చు, అంతకు మించితే రిమ్మే మార్చాలి. ప్యాడిల్ చేతులు పట్టుకుని పక్కకు ఊపితే టకటకమంటే లోపల బాల్స్, కోన్లు అరిగినట్టు. అది పెద్ద ఖర్చేమీ కాదు గానీ బేరంలో చెప్పాలి. ప్యాడిళ్ల ఇరుసు కింద ఫ్రేము నంబరు ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే ఆ సైకిల్ దొంగది కావచ్చు, ముట్టుకోకండి. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు నాలుగూ మార్చాల్సి వస్తే ఖర్చు పన్నెండు, పదిహేను వందలకు చేరుతుంది. కొన్న ధర, రిపేరు కలిపి కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనండి.

గేర్లు. పదేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. ఆపైన, బడి నాలుగైదు కిలోమీటర్లుండి దారి మిట్టపల్లాలైతే పనికొస్తాయి. 21 గేర్ల కంటే వెనక మాత్రమే 6 లేదా 7 గేర్లున్నది చూడండి, ఒక చేత్తో పని, చెడిపోయేవి తక్కువ. సైకిల్ కుడివైపు పడితే గేరు మార్చే భాగం లోపలికి వంగుతుంది. అలాగే తొక్కితే అది స్పోకుల్లో ఇరుక్కుని చక్రం పోతుంది. మీ ఊళ్లో గేరు సరిచేసేవాళ్లు ఉన్నారో లేదో కొనకముందే కనుక్కోండి.

ఇంట్లో ఉన్న పెద్ద సైకిల్. ఆరో తరగతి పిల్లవాడికి నాన్న సైకిలే ఇచ్చేయాలన్న ఆలోచన పల్లెల్లో సహజం. కాలి కొలత 70 దాటి, 26 అంగుళాల వంపు కమ్మీది అయితే సంతోషంగా ఇవ్వండి, డిగ్రీ దాకా వస్తుంది. కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కాల్సిన ఎత్తు సైకిల్ లారీలు తిరిగే రోడ్డు మీదికి పంపకండి. ఆ వాటంలో బ్రేకు, హ్యాండిల్ రెండూ ఒకేసారి పట్టు దొరకవు.

## ఏ ఇంటికి ఏది

చేతిలో డబ్బు తక్కువున్న ఇంటికి మేం చెప్పే వరుస ఇది: 12, 14 అంగుళాలు అసలు కొనకండి. 16 అంగుళాలది బంధువుల దగ్గరో సెకండ్ హ్యాండో తీసుకోండి. 20 అంగుళాలది కొత్తది, పొడవాటి సీటు పైపుతో, ఎందుకంటే పిల్ల ఎక్కువ కాలం తొక్కేది దాన్నే. 24 అంగుళాలది మళ్లీ సెకండ్ హ్యాండ్, ఎందుకంటే ఆడపిల్లలు పది, పన్నెండేళ్ల దగ్గర, మగపిల్లలు ఇంకో రెండేళ్లకు ఒక్కసారిగా పొడవు సాగుతారు, అది చాలామందికి రెండేళ్లే పనికొస్తుంది. 20 అంగుళాల సీటు ఆఖరి గీతకు వచ్చేసరికి కాలి కొలత 69, 70 ఉంటే 24 మొత్తానికే వదిలేసి 26కు దూకొచ్చు. 26 అంగుళాలది కొత్తది.

అపార్ట్‌మెంట్ ఆవరణలో సాయంత్రం అరగంట తొక్కే పిల్లకు ఈ లెక్కంతా అక్కర్లేదు. సీటు, బ్రేకు సరిపోతే చాలు, సెకండ్ హ్యాండే తీసుకోండి. రోజూ బడికి పోయే పిల్లకు మాత్రం క్యారియరు, చైను కవరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, బెల్లు ఉన్నది తీసుకోండి. సంచి వీపున ఉంటే బ్యాలెన్స్ చెడుతుంది, క్యారియరు మీద కట్టాలి. చున్నీ వేసుకునే పిల్ల అయితే వెనక చక్రానికి రెండు పక్కలా జాలీ పెట్టించండి. హెల్మెట్‌కు అయిదారు వందలు సైకిల్ బడ్జెట్‌లోంచే పక్కన పెట్టండి.

కొన్న రెండు వారాలకు కొత్త తీగలు సాగి బ్రేకు వదులవుతుంది, స్పోకులు సర్దుకుంటాయి. ఆ రోజు షాపుకు తీసుకెళ్లి బ్రేకు, చక్రం నట్లు, హ్యాండిల్ మళ్లీ బిగించండి, చాలా షాపులు దీనికి డబ్బు తీసుకోవు. తరువాత నాలుగు నెలలకోసారి పిల్ల కాలు కొలిచి సీటు ఒక సెంటీమీటరు లేపండి. లేపే ముందు పైపు బయటికి తీసి, తుడిచి, కొంచెం గ్రీజు రాసి పెడితే వచ్చే ఏడాది కూడా అది తేలిగ్గా కదులుతుంది.